మిషన్ లేదని నేనే చెప్పాను

ఆ రోజు సౌదీ అరేబియాలో, ఖతీఫ్‌లో మేత మోపులు దింపుతున్నాం. పశువుల మేత అమ్మే గిడ్డంగిలో నేను సూపర్‌వైజర్‌ని. చలికాలం వానకు తడిసి, కప్పు కింద అలాగే మగ్గిపోయిన మోపులవి. తాడు కోయగానే తెల్లటి దుమ్ము లేచింది. బూజు వాసన గొంతులో పట్టేసింది. అల్ ఖోబార్‌లో ఇంటికి చేరేసరికి వణుకు, ఒళ్లు నొప్పులు, గుండెల మీద బస్తా పెట్టినట్టు బరువు. పొద్దున్నకి తగ్గింది. గాలి మార్పు అనుకుని మళ్లీ పనికి వెళ్లాను.

అప్పటి నుంచి వారమంతా సాయంత్రం జ్వరం, దగ్గు. సెలవు రోజైన శుక్రవారం మాత్రం హాయిగా ఉండేది. మా ఆవిడ కరుణ ఇక్కడే ఒక ఆస్పత్రిలో నర్సు. మాది నరసాపురం వైపు. ఆమే ముందు అనుమానపడింది.

"శుక్రవారం సెలవు తీసుకునే జ్వరాన్ని నా సర్వీసులో చూళ్ళేదండీ. మీకు పడందేదో ఆ గడ్డిలోనే ఉంది" అంది.

"అయితే జ్వరానికి కూడా ఇకామా ఇప్పించు, వారమంతా పనిచేస్తుంది" అని నవ్వేశాను. ఇకామా అంటే ఇక్కడ మేం బతకడానికి ఇచ్చే పర్మిట్. అది ఉన్నంతకాలమే ఈ దేశంలో మాకు చోటు. అది పోతుందని నాకున్న భయమే నా జబ్బు కంటే ఎక్కువ నష్టం చేసిందని ఈ అనుభవం చదివేవాళ్లకి ముందే చెబుతున్నాను.

రెండు నెలలు అలాగే లాగించాను. అల్ ఖోబార్‌లోనే అల్ అజీజియా పేటలో మా ఫ్లాట్ రెండో అంతస్తులో ఉంటుంది. ఒక రోజు బియ్యం మూటతో మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయాను. లేవలేకపోయాను. కరుణ వచ్చి నా వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టింది. ఆక్సిజన్ ఎనభై ఐదు, తొంభై ఐదు దాటి ఉండాల్సింది. అది చూడగానే టాక్సీ పిలిచింది.

ఎక్స్‌రే తీశారు, తర్వాత హెచ్ఆర్‌సీటీ అనే ఊపిరితిత్తుల స్కాన్. లంగ్ ఫంక్షన్ టెస్ట్‌లో గొట్టంలోకి ఊదమంటే కొవ్వొత్తి ఆర్పేంత గాలి కూడా రాలేదు. గొట్టం లోపలికి దింపి చూసే బ్రాంకోస్కోపీ కూడా చేశారు. ఊపిరితిత్తుల డాక్టర్ ఈజిప్టు ఆయన, పెద్ద మనిషి. ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టి, "ఇదిగో, గ్రౌండ్ గ్లాస్" అన్నారు. అద్దం మీద ఆవిరి పట్టినట్టు రెండు ఊపిరితిత్తుల నిండా మసక. జబ్బు పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. బూజు పట్టిన గడ్డి దుమ్ము వల్ల వస్తుందట.

"దాస్, నీ ఊపిరితిత్తులకి నీ ఉద్యోగం పడలేదు. మందు నేనిస్తాను. గడ్డికి దూరంగా ఉండటం నీ పని. రెండూ జరిగితే బాగవుతావు" అన్నారు.

బాగవుతావు అన్న ఆ ఒక్క మాట పట్టుకునే ఆస్పత్రిలో మూడు వారాలు గడిపాను. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మొహం గుండ్రంగా ఉబ్బింది. షుగర్ పెరిగింది. ఆకలి ఎంతంటే, పక్క మంచం అతని ట్రే వైపు చూస్తుంటే అతను భయపడి గబగబా తినేసేవాడు. డిశ్చార్జి నాటికి కూడా ఆక్సిజన్ లేకుండా బాత్రూం దాకా నడవలేకపోయాను. అందుకని ఇంటికి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పంపించారు. గదిలో గాలినే పీల్చి ఆక్సిజన్ వేరుచేసి ముక్కు గొట్టానికి పంపే మిషన్ అది. రాత్రీ పగలూ కరెంటు మీద నడవాలి. దాంతోపాటు చిన్న సిలిండర్ ఒకటి ఇచ్చారు, కరెంటు పోతే కొద్దిసేపటికి.

డిశ్చార్జి రోజున డాక్టర్ కరుణ చేతికి ఒక మెడికల్ రిపోర్ట్ కూడా ఇచ్చారు. "ఇది కరెంటు కంపెనీ ఆఫీసులో ఇవ్వండి. ఇంట్లో ఇలాంటి మిషన్ ఉందని నమోదైతే బిల్లు గొడవ ఏదున్నా కరెంటు కోయకూడదు. అది వాళ్ల రూలు" అన్నారు.

కరుణకి ఆ వారమంతా డబుల్ డ్యూటీ. "నేను ఇచ్చొస్తాలే" అన్నాను. ఇవ్వలేదు.

ఎందుకంటే, నా కఫీల్‌కి, అంటే నా స్పాన్సరైన గిడ్డంగి యజమానికి, నేను ఆస్తమా అనీ, నెలలో వచ్చేస్తాననీ చెప్పి ఉన్నాను. ఊపిరితిత్తులు పాడయ్యాయని తెలిస్తే ఎగ్జిట్ కొట్టి, అంటే ఇకామా రద్దు చేయించి, ఇండియాకి పంపేస్తాడని నా భయం. సర్కారు ఆఫీసులో ఏ కాగితం మీద ఇకామా నంబరు ఎక్కినా అది అన్ని ఆఫీసులకీ వెళ్లిపోతుందని గిడ్డంగిలో అందరూ అనుకునేవాళ్లు. ఒక్కడూ కళ్లారా చూసింది లేదు. అయినా అందరం నమ్మేవాళ్లం. కరుణ అడిగితే "ఇచ్చేశాను, తీసుకున్నారు" అన్నాను.

ఈలోగా మా బిల్డింగ్ యజమాని చనిపోయాడు. మీటర్లన్నీ ఆయన పేరు మీదే. బిల్లులు ఆయన దగ్గరికే వెళ్లేవి, అద్దెతో కలిపి మా దగ్గర తీసుకునేవాడు. వారసులు ఆస్తి సంగతి తేల్చుకునేదాకా ఆ బిల్లుల ఊసు ఎవరికీ పట్టలేదు. గేటు మీద అరబిక్‌లో ఒక నోటీసు అతికించారు, అది కరెంటు కోత గురించని తర్వాత తెలిసింది. అద్దెకున్నవాళ్లం అందరం దాని పక్క నుంచే నడిచాం. యజమానుల గొడవలే అనుకున్నాం.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఉదయం బెల్లు మోగింది. కరుణ డ్యూటీలో ఉంది. గిడ్డంగి నుంచి ఎవరైనా వచ్చారేమోనని ముక్కు గొట్టం తీసి మంచం మీద పడేసి, మిషన్ ఉన్న గది తలుపు మూసి, వీధి తలుపు తీశాను. కరెంటు కంపెనీ కాంట్రాక్టర్ యూనిఫారంలో ఒకతను. కింద జీపులో ఇంకొకడున్నాడు. ముందు హిందీలో మొదలుపెట్టాడు. నా హిందీ రెండు మాటలు వినగానే ఆపేశాడు.

"తెలుగోళ్లా అన్నా? ముందే చెప్పొచ్చు గదా, ఊరికే నా హిందీ ఖర్చు పెట్టిస్తివి. నా పేరు మస్తాన్, రాయచోటి. కరెంటు కోసేదానికి వచ్చినాం. ఇంట్లో ఎవురన్నా జబ్బుతో ఉండారా? మిషన్ ఏమన్నా నడుస్తా ఉందా?"

"ఎవరూ లేరు" అన్నాను.

అతను తల వంచి విన్నాడు. మూసిన గదిలోంచి కాన్సంట్రేటర్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"మరి ఆ సప్పుడేంది?"

"పాత ఫ్రిజ్."

"మా నాయన గురక కూడా ఇంత ఉండదన్నా" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నా ఉబ్బిన మొహం వైపు చూశాడు. "నిజం చెప్పన్నా. ఆస్పత్రి కాయితం ఏమన్నా ఉంటే చూపీ. కోయకుండా ఎనక్కి పోతా. నాకేం నష్టం లేదు."

ఆ కాగితం నా వెనక షెల్ఫులోనే ఉంది. మూడడుగుల దూరం. నాకు వినిపించింది మాత్రం ఎగ్జిట్ అన్న మాటే.

"చెప్పాను కదయ్యా, ఎవరూ లేరు. నీ పని నువ్వు చేసుకో" అన్నాను.

అతను కిందికి వెళ్లాడు. కాసేపటికి ఏసీ ఆగింది. గదిలో మిషన్ అలారం కీచుమని మొదలై, ఆగకుండా మోగుతూనే ఉంది. సిలిండర్ తగిలించుకున్నాను. అంతకుముందు వారం చెకప్‌కి వెళ్లొచ్చినప్పుడు సగం వాడేసి, నింపించకుండా పెట్టాను. కరుణకి ఫోన్ చేశాను. ఆమె డ్యూటీ ఐసీయూలో, అక్కడ నర్సులు ఫోను లాకర్లో పెట్టాలి. మోగి మోగి ఆగిపోయింది.

సిలిండర్ అయిపోతోందని తెలిశాక భయం ఇంకో రకంగా మారింది. కిందికి దిగి అతన్ని వెనక్కి పిలుద్దామనుకున్నాను. గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగాను. వాళ్లు పక్క బిల్డింగ్ దగ్గరున్నారు. గేటు దాకా వెళ్లడం గుర్తుంది. చెయ్యి ఎత్తడం గుర్తుంది. తర్వాత ఏదీ లేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, నన్ను ఎత్తి జీపు వెనక సీట్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తెచ్చింది మస్తానే. దారంతా నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట.

ఎమర్జెన్సీలో కళ్లు తెరిచేసరికి మొహానికి గాలి ఒత్తి పంపే బైపాప్ మాస్క్. మాట్లాడే వీలు లేదు. కరుణ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆమె కోపం నా మీద కాదు.

"రిపోర్ట్ ఇచ్చి ఉండగా ఎలా కోశారండీ? కనీసం అడగలేదా? అడక్కుండానే కోసేశారా?"

నేను తలూపాను.

అంతే నేను చేసింది. తలూపడం చాలా తేలిక.

కరుణ కరెంటు కంపెనీకి కంప్లైంట్ రాసింది. రిపోర్ట్ తమకి అందలేదని ఆఫీసువాళ్లు చెబితే, పారేసుకున్నారని వాళ్లతో గొడవపడింది. నాకు ఇన్ఫెక్షన్ వచ్చింది. స్టెరాయిడ్ల వల్ల ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గి, న్యుమోనియా అయింది. ఐసీయూలో పెట్టారు. "దాస్, మనం ఒక మెట్టు కిందికి జారాం. మెట్లు అక్కడే ఉన్నాయి, మళ్లీ ఎక్కుదాం" అన్నారు ఈజిప్టు డాక్టర్. ఆయన అన్నట్టే నెమ్మదిగా ఎక్కాను. యాంటిబయాటిక్స్ పనిచేశాయి. ఆక్సిజన్ మోతాదు తగ్గించారు. ఇంటి కరెంటు వారసుల్లో ఒకరు బిల్లు కట్టాక మళ్లీ వచ్చింది. నేనూ ఇంటికొచ్చాను.

మా తెలుగువాళ్లు నెలకోసారి ఎవరింట్లోనో కలిసి ప్రార్థన చేసుకుంటారు. కోలుకున్నవాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం మా ఆనవాయితీ. నన్ను లేపారు. చిన్న సిలిండర్ పక్కన పెట్టుకుని నిలబడి దేవుడికి కృతజ్ఞత చెప్పాను. ఆ ఊపులో, కనికరం లేని మనుషులు అడగకుండా కరెంటు కోసినా ప్రభువు నా ఊపిరి కోయనివ్వలేదని కూడా అన్నాను. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. భోజనాల దగ్గర ఒకాయన నా ప్లేట్లో ఇంకో చేప ముక్క వేస్తూ, "ఆ మస్తాన్‌గాణ్ణి పనిలోంచి తీసి కంపెనీ యార్డులో కూర్చోబెట్టారంటండీ. ఎగ్జిట్ కొడుతున్నారంట. తగిన శాస్తి జరిగింది" అన్నాడు.

ఆ ముక్క తినలేకపోయాను. నేను భయపడిన ఎగ్జిట్ నా బదులు ఇంకొకడికి పడుతోంది. నన్ను ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రికి మోసినవాడికి.

మర్నాడు కరుణ బట్టలు మడతపెడుతుంటే చెప్పాను. రిపోర్ట్ ఇవ్వలేదని, అతను రెండుసార్లు అడిగాడని, మిషన్‌ని ఫ్రిజ్ అన్నానని. ఆమె చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది.

"ఫ్రిజ్ అన్నారా?"

"ఊ."

"నేను వాళ్ల ఆఫీసులో నిలబడి, మా ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదన్నానండీ. అరబిక్‌లో అన్నాను. ఆ ముక్క కోసం మాతో చేసే సౌదీ సిస్టర్ని అడిగి నేర్చుకుని మరీ వెళ్లాను."

ఆమె ఆ చొక్కా నా మీదికి విసిరింది. "తొడుక్కోండి. ఇప్పుడే వెళ్దాం."

కరెంటు ఆఫీసులో నేను ఊహించుకున్నది పోలీసుల్లాంటి మనుషుల్ని. ఆ ఆఫీసులో సెక్షన్ ముదీర్, అంటే మేనేజర్, కళ్లజోడు సౌదీ ఆయన. మమ్మల్ని కూర్చోబెట్టి కావా, అంటే అరబ్బు కాఫీ, పోయించాడు. కరుణ తనకొచ్చిన కొద్దిపాటి అరబిక్‌లో, నేను వచ్చీరాని ఇంగ్లీషులో అంతా చెప్పాం. ఆయన కరుణ రాసిన కంప్లైంట్ ముందుకు లాక్కున్నాడు.

"అతను అడిగాడా?"

"రెండుసార్లు అడిగాడు. కాగితం చూపిస్తే వెనక్కి వెళ్తానన్నాడు. మిషన్ లేదని నేనే చెప్పాను."

"ఎందుకు?"

"నా పేరు ఎక్కితే జవాజాత్‌కి తెలుస్తుందని. ఎగ్జిట్ కొడతారని."

జవాజాత్ అంటే పాస్‌పోర్ట్ ఆఫీసు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "బ్రదర్, మేం వైర్ల వాళ్లం. మాకు కావలసింది ఏ ఇంట్లో వైరు కోయకూడదో తెలియడమే. నువ్వు ఎవడివో, నీ కఫీల్ ఎవరో ఈ ఆఫీసులో ఎవరికీ అక్కర్లేదు."

అప్పుడు రిపోర్ట్ ఇచ్చాను. మీటరు చనిపోయినవాళ్ల పేరున ఉన్నా, ఇంకెవరి పేరున ఉన్నా, ఆ ఇంట్లో రోగి ఉన్నాడన్నదే లెక్కన్నాడు. బాకీ సంగతి యజమానితో తేల్చుకుంటారట, రోగి కరెంటు ముట్టుకోరట. ఆస్పత్రి కాగితం మాత్రం గడువు తీరేలోపు కొత్తది ఇస్తూ ఉండాలన్నాడు. రెండు సంతకాలతో పని అయిపోయింది. ఇంత చిన్న పనికా నేను ప్రాణం మీదికి తెచ్చుకున్నాను అనిపించింది.

మస్తాన్‌ని యార్డు నుంచి పిలిపించారు. నన్ను చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమన్నా, ఫ్రిజ్ బాగుందా?"

తల ఎత్తలేకపోయాను. "తప్పు నాది మస్తాన్. సారుకి చెప్పాను."

"నేను రెండు మార్లు అడిగినా గదా?"

"అడిగావు."

"ఆ మాట నాకెందుకు, నాకు తెల్సు. మా ఇంట్లో దానికి చెప్పు. నేనేదో మనిషిని సంపి జైలుకు పోతాండానని రాయచోటంతా అనుకుంటాండారంట. మా యమ్మ అన్నం మానేసింది." జేబులోంచి ఫోన్ తీసి నంబరు నొక్కి నా చేతికిచ్చాడు. "చెప్పు. ఈన్నే, నా ముందరే."

అతని భార్యకి చెప్పాను. ఆమె అవతలి వైపు ఏడుస్తూనే నన్ను తిట్టింది. ఎంతసేపు తిడితే అంతసేపు విన్నాను. మస్తాన్ చేతులు కట్టుకుని అంతా విని, "చాల్లే, బిల్లు నాది" అని ఫోన్ లాక్కున్నాడు. నన్ను క్షమించానని మాత్రం అనలేదు. ఆ వారంలోనే అతన్ని మళ్లీ ఫీల్డు పనికి పంపారు.

ఆ రోజే కరెంటు ఆఫీసు నుంచి ఖతీఫ్ వెళ్లి నా కఫీల్‌కి కూడా నిజం చెప్పాను. "ముందే చెబితే నిన్ను గడ్డిలో ఉంచేవాణ్ణా?" అని విసుక్కున్నాడు. తన రెండో దుకాణంలో, తోటలకి నీటి పైపులు అమ్మేచోట కూర్చోబెట్టాడు. అక్కడ దుమ్ము లేదు.

మందు పనిచేసింది. ముందు పగలు ఆక్సిజన్ మానాను, తర్వాత నిద్రలో కూడా. ఆరు నిమిషాల నడక పరీక్షలో కారిడార్ చివరిదాకా ఆగకుండా వెళ్లి తిరిగొస్తే ఈజిప్టు డాక్టర్ చప్పట్లు కొట్టారు. కొత్త సీటీలో మసక చాలావరకు పోయింది. కింది భాగంలో కొంచెం మచ్చ మిగిలింది. అది అలాగే ఉంటుందట. ఇప్పుడు సాయంత్రాలు కరుణతో సముద్రం ఒడ్డున నడుస్తాను. మెట్లు ఎక్కుతాను, మూటలు మాత్రం ఎత్తను.

నా సాక్ష్యాన్ని మాత్రం సరిచేయలేదు. వచ్చే నెల ప్రార్థనలో చెబుదామనుకున్నాను. ఆ రోజు ఇంకొకరు సాక్ష్యం చెప్పారు. ఆ పైనెల నేనే వెనక వరసలో కూర్చున్నాను. ఈలోగా సగం మంది బదిలీల మీద జుబైల్‌కీ, రియాద్‌కీ, ఇంటికీ వెళ్లిపోయారు. నా కథ వాళ్లతో వెళ్లింది. ఈ మధ్య జుబైల్ నుంచి వచ్చిన ఒక సిస్టర్, నేనెవరో తెలియక, ఒక రాయచోటి వాడు రోగి కరెంటు కోశాడని నాకే చెప్పింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ మనిషి అడిగాడు. ఒకటికి రెండుసార్లు అడిగాడు. నేను అబద్ధం చెప్పాను. నన్ను బతికించిందీ అతనే. ఈ కథ ఎవరికైనా చెప్పి ఉన్నవాళ్లు దయచేసి ఈ ముక్క కూడా చెప్పండి.

నా మిషన్ ఆస్పత్రికి తిరిగి ఇచ్చేశాను. పోయిన నెల దాన్ని దమ్మాంలో ఒక తెలుగాయనకి ఇచ్చారు, కరుణతో పనిచేసే నర్సు భర్తే ఆయన. మిషన్ ఇంటికి రాకముందే ఆయన్ని వెంటబెట్టుకుని కరెంటు ఆఫీసుకి వెళ్లాను. గుమ్మం దగ్గర ఆయన ఆగిపోయాడు.

"పేరు ఎక్కితే ఏమన్నా ఇబ్బంది అవుద్దేమోనండీ."

"పేరు లేకపోతే అవుతుందండీ. రండి" అన్నాను.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది కూడా అదే. ఇంట్లో ప్రాణం నిలబెట్టే మిషన్ ప్లగ్గు పెట్టకముందే ఆ కాగితం కరెంటు ఆఫీసులో మీ చేత్తో మీరే ఇచ్చి రండి.